ఒక్క వైరు, మూడంతస్తులు

ఒక సోమవారం పొద్దున మూడంతస్తుల ఆఫీసు ఒకటి తెరిచేసరికి నెట్ లేదు. ఇంటర్నెట్ ఒక్కటే పోయిందా అంటే అదీ కాదు. పక్క గదిలోని ప్రింటర్‌కి కాగితం వెళ్లదు, కింది అంతస్తు సర్వర్‌లో ఉన్న ఫైలు తెరుచుకోదు, బల్లల మీది ఫోన్లు మూగబోయాయి. వేరే పని మీద వెళ్లి ఆ రోజు నేను అక్కడే చిక్కుబడ్డాను. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకి ఫోన్ చేస్తే "మా వైపు లైను బాగానే ఉంది సార్" అన్నారు. ఈ మాట ఎన్నోసార్లు విన్నవాళ్లం కాబట్టి ఎవరూ నమ్మలేదు. ఆ రోజు మాత్రం అది నిజం.

పదిన్నరకి నెట్‌వర్క్ చూసే కుర్రాడు వచ్చి ర్యాక్ తలుపు తీశాడు. స్విచ్ మీద 24 పచ్చ దీపాలు. మామూలు రోజుల్లో అవి మిణుగురుల్లా దేని దారిన అది మినుకుతుంటాయి. ఆ రోజు అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే జోరులో కొట్టుకుంటున్నాయి. అతను ఒక్క చూపు చూసి, "లూప్ పడింది సార్. నిన్న ఎవరైనా బల్లలు జరిపారా?" అని అడిగాడు.

జరిపారు. రెండో అంతస్తు మీటింగ్ గదిని ఆదివారం శుభ్రం చేశారు. అక్కడ బల్ల కింద ఐదు పోర్టుల చిన్న స్విచ్ ఒకటుంది. వచ్చినవాళ్లు లాప్‌టాప్‌కి పెట్టుకోవడానికని దానిలోంచి ఒక వైరు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఊడ్చినావిడ అది ఊడిపోయిందనుకుని, ఖాళీ చివరను తీసి అదే స్విచ్‌లో ఖాళీగా ఉన్న పోర్టులో గుచ్చింది. ఆవిడ చేసింది సాయమే. వైరు పీకగానే దీపాలు మళ్లీ మిణుగురులయ్యాయి, మూడంతస్తులకీ ప్రాణం లేచి వచ్చింది.

ఒకే వైరు రెండు చివరలూ ఒకే పెట్టెలో ఉంటే ఇంత జరుగుతుందా? షార్ట్ సర్క్యూట్ అవలేదు, ఏదీ కాలలేదు. మరి ఎక్కడో బల్ల కింది ముడి మూడంతస్తుల గొంతు ఎలా నొక్కింది? ఇది అర్థమైతే ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో ఏ దుకాణంలోనైనా ఒకేలా కనిపించే రెండు స్విచ్‌లు పక్కపక్కనే ఉంటాయి. పోర్టులు అన్నే, వేగమూ అంతే. కానీ "మేనేజ్డ్" అన్న దాని ధర రెండోదానికి, అంటే సాదా స్విచ్‌కి, కొన్ని రెట్లు. ఆ ఎక్కువ డబ్బుతో కొనేది వేగం కాదు.

అన్నీ గుర్తుపెట్టుకునే వాచ్‌మన్

1973లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్నెట్‌ని ఊహించినప్పుడు స్విచ్ అన్నదే లేదు. ఒకటే లావుపాటి కేబుల్, కంప్యూటర్లన్నీ దానికి తగులుకుని ఉండేవి. ఒకరు మాట్లాడితే అందరికీ వినపడేది. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే మాటలు కలగాపులగమయ్యేవి. అప్పుడు ఇద్దరూ ఆగి, చెరి కాసేపు ఊరుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. కంప్యూటర్లు పదీ పాతికా ఉన్నంతవరకు బాగానే సాగింది. వందలైతే అది సంత.

ఆ సంతను సద్దుమణిగించిన పెట్టె 1990లో బజారుకొచ్చింది. దానికి ఏడు పోర్టులు. తయారు చేసిన అమెరికన్ కంపెనీ పేరు కల్పన. పెట్టినవాళ్లలో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరే కంపెనీకి పెట్టుకున్నారు. నాలుగేళ్లకి సిస్కో దాన్ని కొనేసింది. ప్రపంచంలోని ప్రతి ఆఫీసు ర్యాక్‌లో ఉన్న పెట్టెకి మూలపురుషుడు అనాలో మూలపుటమ్మ అనాలో గానీ, పేరు మాత్రం మనకి చిరపరిచితం.

స్విచ్ చేసే పని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పని లాంటిది. కొత్తగా చేరిన వాచ్‌మన్‌కి ఎవరిది ఏ ఫ్లాటో తెలియదు. అయినా ఎవరినీ అడగడు. ఫలానా ఆయన మూడో మెట్లదారి నుంచి దిగడం చూశాడంటే, ఆయన ఇల్లు అటువైపని మనసులో రాసుకుంటాడు. స్విచ్ కూడా అంతే. ప్రతి కంప్యూటర్‌కీ, ఫోన్‌కీ, కెమెరాకీ ఫ్యాక్టరీలోనే వేసిన ఒక నంబరు ఉంటుంది, మ్యాక్ అడ్రస్ అంటారు. ఒక పోర్టులోంచి సమాచారపు ముక్క రాగానే స్విచ్ పంపినవారి నంబరు చూసి, "ఈయన ఏడో పోర్టు వైపు ఉంటాడు" అని పట్టికలో రాసుకుంటుంది. తర్వాత ఆయనకి ఏదొచ్చినా ఏడో పోర్టుకే పంపుతుంది. ఐదు నిమిషాలపాటు ఆయన అలికిడి లేకపోతే సాధారణంగా ఆ వరుస కొట్టేస్తుంది.

ఇదంతా సాదా స్విచ్ కూడా చేస్తుంది. తెలియని నంబరుకి ఏదైనా వస్తే ఏం చేస్తుంది? టముకు వేయిస్తుంది. వచ్చిన దారి తప్ప మిగతా అన్ని పోర్టులకీ ఒక్కో నకలు పంపుతుంది, ఎవరిదైతే వారు అందుకుంటారని. అసలు అందరికీ వినపడాలనే పంపే కబుర్లు కూడా ఉంటాయి. "ఈ అడ్రస్ ఎవరిది?", "నాకొక అడ్రస్ ఇచ్చేదెవరు?" అని కంప్యూటర్లు రోజంతా అడుగుతూనే ఉంటాయి. వీటిని బ్రాడ్‌కాస్ట్ అంటారు. వాటికి ఎప్పుడూ టముకే.

ఇప్పుడు ఆ బల్ల కిందికి వెళ్దాం. చిన్న స్విచ్‌లో రెండో పోర్టుకీ ఐదో పోర్టుకీ మధ్య ఒకే వైరు. ఎవరి కంప్యూటరో ఒక బ్రాడ్‌కాస్ట్ పంపింది. స్విచ్ నియమం ప్రకారం అన్ని పోర్టులకీ నకలు వేసింది. రెండులోంచి బయటికి వెళ్లిన నకలు వైరు వెంట తిరిగి ఐదులోంచి లోపలికొచ్చింది. స్విచ్‌కి అది తను పంపిందేనని తెలియదు. కొత్త కబురు వచ్చిందనుకుని మళ్లీ అందరికీ నకళ్లు వేసింది, రెండో పోర్టుకి కూడా. అది మళ్లీ ఐదులోంచి వచ్చింది. ఐదులోంచి వెళ్లింది రెండులోంచి వచ్చింది. ప్రతి చుట్టుకీ ఒక నకలు పై స్విచ్‌కి, అక్కడినుంచి మిగతా అంతస్తులకి.

ఇది ఎప్పుడాగుతుంది? ఆగదు. ఇంటర్నెట్ మీద తిరిగే ప్యాకెట్‌కి ఆయుష్షు రాసి ఉంటుంది. దాటిన ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే పారేస్తారు. ఈథర్నెట్ ముక్కకి ఆ లెక్క లేదు. పుట్టినప్పుడు ఉన్నది ఒకటే కేబుల్ కదా, గుండ్రంగా తిరుగుతుందని ఎవరనుకుంటారు? గిగాబిట్ వైరు మీద అతి చిన్న ముక్కలు సెకనుకి 14,88,095 వరకు వెళ్లగలవు. ఒక్క టముకు క్షణాల్లో ఆ హద్దుకి చేరి, వైరు మొత్తాన్ని తనే ఆక్రమిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ అన్నాక ప్రతి కంప్యూటరూ చెవి ఒగ్గాల్సిందే కాబట్టి యంత్రాలు కూడా ఆపసోపాలు పడతాయి. పైగా వాచ్‌మన్ బుర్ర తిరిగిపోతుంది. ఒకే మనిషి ఒక క్షణం రెండో గుమ్మంలోంచి, మరుక్షణం ఐదో గుమ్మంలోంచి వస్తుంటే పట్టికలో ఏమని రాసుకుంటాడు?

దీపాలన్నీ ఒకే జోరులో కొట్టుకోవడం ఇందుకే. అన్ని పోర్టులకీ పోతున్నది ఒకే నకళ్ల వరద.

చుట్టును చెట్టు చేసిన గణితం

లూప్ ప్రమాదమైతే చుట్లు లేకుండా వైర్లు వేసుకుంటే సరిపోదా? సరిపోదు. రెండు స్విచ్‌ల మధ్య ఒకటే వైరుంటే, దాన్ని ఎలుక కొరికిన రోజు సగం ఆఫీసు ఆగిపోతుంది. తెలివైనవాళ్లు రెండో దారి కూడా వేస్తారు. రెండో దారి వేశారంటే లూప్ వేసినట్టే. అంటే దారి ఉండాలి, కానీ అవసరం పడేదాకా మూసి ఉండాలి.

ఈ చిక్కుముడిని 1985లో విప్పినావిడ రేడియా పెర్ల్‌మన్. అప్పుడు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసేవారు. ఆవిడ ఆలోచనకి స్పానింగ్ ట్రీ అని పేరు. చెట్టుకి కొమ్మలు ఎన్ని చీలినా తిరిగి ఒకదానికొకటి అతుక్కోవు. ఏ ఆకు నుంచి ఏ ఆకుకైనా ఒకటే దారి. వైర్ల వలలోంచి అలాంటి చెట్టు ఒకటి ఏర్పడేలా మేనేజ్డ్ స్విచ్‌లు తమలో తామే మాట్లాడుకుని, మిగిలిన దారులను మూసిపెడతాయి.

ముందు ఒక పెద్దను ఎన్నుకుంటాయి. దాన్ని రూట్ అంటారు. ఎవరి నంబరు చిన్నదైతే వాళ్లే పెద్ద. తర్వాత ప్రతి స్విచ్చూ పెద్ద దగ్గరికి తనకున్న దారుల్లో దగ్గరిది ఉంచుకుంటుంది, చుట్టు కలిసే చోట ఎవరో ఒకరు తమ పోర్టు మూస్తారు. మామూలు ఏర్పాటులో పెద్ద ప్రతి 2 సెకన్లకీ "ఉన్నాను" అని కబురు పెడుతుంది. ఆ కబురు ఆగిందంటే దారి తెగినట్టే. అప్పుడు మూసినవాటిలో తగినది తెరుచుకుంటుంది. పాత పద్ధతిలో ఇందుకు 30 నుంచి 50 సెకన్లు పట్టేది, 2001లో వచ్చిన వేగవంతమైన రకంలో చాలాసార్లు రెప్పపాటు.

ఇందులో ఒక తమాషా ఉంది. పెద్ద ఎవరో యజమాని చెప్పకపోతే, అన్నిటికీ ఒకే ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి మ్యాక్ అడ్రస్ చిన్నదైన పెట్టె గెలుస్తుంది. ఒకే కంపెనీ పెట్టెల్లో చిన్న నంబరు తరచూ పాతదానిదే. అలా మూల గదిలో దుమ్ము పట్టి, వదిలించుకుందామని చూస్తున్న ముసలి పెట్టె మొత్తం నెట్‌వర్క్‌కి పెద్దదిక్కై కూర్చుంటుంది, లక్షలు పోసి కొన్న కొత్త స్విచ్ దాని మాట వింటుంది. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. మేనేజ్డ్ స్విచ్ అయితే లోపలికి వెళ్లి, ఫలానాదే పెద్ద అని ఒక్క అంకె మార్చి చెప్పొచ్చు.

> చెట్టు మరీ పొడుగైతే
>
> 2002 నవంబర్ 13న అమెరికాలో బోస్టన్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ కుప్పకూలింది. కోలుకోవడానికి రోజులు పట్టింది. అంతవరకు వైద్యులు పాతకాలంలా కాగితాల మీద మందులు రాశారు, పరీక్ష ఫలితాలను మనుషులు చేత్తో మోసుకెళ్లారు. ఒక పరిశోధకుడి ప్రోగ్రాం పంపిన పెద్ద సమాచార వరద నిప్పురవ్వ. కానీ గడ్డివాము అంతకుముందే సిద్ధంగా ఉంది. స్పానింగ్ ట్రీకి మామూలుగా పెట్టిన కాలపరిమితులు, ఈ చివరి నుంచి ఆ చివరికి ఏడు స్విచ్‌లకి మించవన్న లెక్క మీద ఉంటాయి. రెండు ఆసుపత్రులు కలిసి, తర్వాత స్విచ్ వెనక స్విచ్ తగిలించుకుంటూ పోయిన ఆ నెట్‌వర్క్ ఆ హద్దు దాటిపోయింది. పెద్ద పంపే కబురు చివరిదాకా సకాలంలో చేరకపోతే, మూసి ఉండాల్సిన దారులు తెరుచుకుంటాయి. అక్కడి సమాచార విభాగాధిపతి జాన్ హలంకా జరిగింది దాచకుండా అందరికీ చెప్పారు. చాలా సంస్థలు ఆ కథ విని తమ ర్యాక్‌లు తెరిచి చూసుకున్నాయి.

ఒకే మండపం, రెండు పెళ్లిళ్లు

మేనేజ్డ్ స్విచ్ కొన్నవాళ్లు ఎక్కువగా వాడుకునే సదుపాయం వీల్యాన్. ముహూర్తాలు ముంచుకొచ్చే నెలలో ఒకే కల్యాణమండపంలో రెండు పెళ్లిళ్లు జరగడం చూసే ఉంటారు. కింద ఒకటి, పైన ఒకటి. గేటు ఒకటే, మెట్లు ఒకటే. "బంతికి లేవండి" అన్న కేక మాత్రం ఎవరి పెళ్లివారికి వారిదే. పైవాళ్ల కేకకి కిందవాళ్లు లేచి వెళ్తే పరువు తక్కువ.

వీల్యాన్ ఉన్న స్విచ్‌లో ఏ పోర్టు ఏ పెళ్లిదో రాసిపెడతారు. 1 నుంచి 10 అకౌంట్స్‌వి, 11 నుంచి 20 మిగతా సిబ్బందివి, చివరి నాలుగు కెమెరాలవి. ఇక అకౌంట్స్‌లో పుట్టిన టముకు అకౌంట్స్‌లోనే వినపడుతుంది. పెట్టె ఒకటే అయినా, లోపల మూడు పెట్టెలున్నట్టే.

చిక్కల్లా అంతస్తుల మధ్య వైరు ఒకటే ఉన్నప్పుడు వస్తుంది. రెండు పెళ్లిళ్ల చుట్టాలు స్టేషన్ నుంచి ఒకే బస్సులో వస్తే ఏం చేస్తాం? ఎక్కేటప్పుడే చొక్కాకి ఒక చీటీ అంటిస్తాం. 1998లో ఖరారైన 802.1క్యూ ప్రమాణం చేసేది ఇదే. స్విచ్ నుంచి స్విచ్‌కి వెళ్లే ప్రతి ముక్కకీ 4 బైట్ల చీటీ అంటిస్తుంది. దాని మీద వీల్యాన్ నంబరు ఉంటుంది, 4094 వరకు వేసుకోవచ్చు. అవతలి స్విచ్ చీటీ చూసి, పీకేసి, సరైన పోర్టుకి పంపుతుంది. కంప్యూటర్‌కి ఈ ప్రయాణం సంగతే తెలియదు. ఒక పెళ్లివారు రెండో పెళ్లివారితో నిజంగానే మాట్లాడాల్సి వస్తే మధ్యలో రౌటర్ లాంటి పెద్దమనిషి ఉండాలి, ఎవరిని వదలాలో ఎవరిని ఆపాలో అక్కడ తేలుతుంది.

కెమెరాలకి వేరే వీల్యాన్ ఎందుకని అడుగుతారు చాలామంది. గేటు బయట గోడ మీది కెమెరాని చూడండి. దాని వెనక ఉన్న వైరు సూటిగా మీ ర్యాక్‌లోకి వస్తోంది. నిచ్చెన వేసుకుని ఆ వైరు పీకి తన లాప్‌టాప్‌కి గుచ్చుకున్నవాడు, సాదా స్విచ్ ఉన్న ఆఫీసులో, మీ అకౌంటెంట్ పక్క కుర్చీలో కూర్చున్నట్టే. వీల్యాన్ ఉంటే వాడికి దొరికేది మహా అయితే మిగతా కెమెరాలు.

వైరులోనే కరెంటు, లైనులో ముందు

ఆ కెమెరాకి కరెంటు ఎక్కడిది? సాధారణంగా అదే వైరులోంచి. 2003 ప్రమాణం పోర్టుకి 15.4 వాట్లు ఇచ్చేది, 2009లో అది 30 అయింది, 2018లో 90కి చేరింది. దాదాపు 50 వోల్టులు పారుతున్న వైరుని పొరపాటున కరెంటు కోరని లాప్‌టాప్‌కి పెడితే? అందుకే స్విచ్ ముందు చిటికెన వేలితో తాకి చూస్తుంది. 10 వోల్టులకి మించని చిన్న వోల్టేజీ పంపి, అవతల సుమారు 25 వేల ఓమ్‌ల నిరోధం తగిలితేనే "ఇది కరెంటు అడిగే పరికరం" అని నమ్మి అసలు సరఫరా వదులుతుంది. నమూనా చూడకుండా ధాన్యం కొనని వ్యాపారిలాగే.

కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. 24 పోర్టులకీ 30 వాట్ల చొప్పున అంటే 720 వాట్లు. చాలా మోడళ్లలో మొత్తం కోటా అందులో సగమే ఉంటుంది. ఇరవయ్యో కెమెరా వెలగకపోతే కెమెరాని తిట్టుకుంటారు.

ఇక ప్రాధాన్యం. ఫోన్ మాట సెకనుకి సాధారణంగా 50 చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. ఆ కాస్తకి వైరులో చోటు లేకపోవడమంటూ ఉండదు, కానీ ఎవరో పంపిన పెద్ద బ్యాకప్ వెనక నిలబడాల్సి వస్తే మాట ముక్కలవుతుంది. తిరుమలలో సర్వదర్శనానికీ 300 రూపాయల టికెట్‌కీ వేరే క్యూలున్నట్టు, మేనేజ్డ్ స్విచ్‌లో ఎనిమిది స్థాయిల ప్రాధాన్యం ఉంటుంది. జనం లేని రోజున ఏ క్యూలో వెళ్లినా ఒకటే అన్నది గుర్తుంచుకోవాలి. ఖాళీగా ఉన్న నెట్‌వర్క్‌లో ఈ సదుపాయం కోసం తంటాలు పడటం దండగ.

తెగింది ఎక్కడో చెప్పే వైరు

నా వరకు నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది వేరే ఉంది. కరపత్రంలో దాన్ని చివరి వరుసలో చిన్న అక్షరాల్లో వేస్తారు.

ఆ వైరులో నాలుగు జంటల రాగి తీగలుంటాయి. గిగాబిట్‌కి నాలుగు జంటలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు చాలు. తలుపు సందులో నలిగి ఒక జంట తెగితే చాలాసార్లు నెట్ పోదు, ఓ పదో వంతుకి దిగి నడుస్తూనే ఉంటుంది. "ఈ సిస్టమ్ మొదటినుంచీ స్లోనే సార్" అంటూ ఏళ్లు గడిపేస్తారు, కంప్యూటర్ కూడా మార్చేస్తారు. మేనేజ్డ్ స్విచ్ తెర మీద మాత్రం ఆ పోర్టు పక్కన 1000 బదులు 100 అని కనిపిస్తుంది. ముక్కలు దెబ్బతిని వస్తుంటే ఎన్ని దెబ్బతిన్నాయో కూడా లెక్క ఉంటుంది.

ఇంకో అడుగు వేస్తే, కొన్ని స్విచ్‌లు వైరు ఎక్కడ తెగిందో కూడా చెబుతాయి. నూతిలో రాయి వేసి చప్పుడు ఎంతసేపటికి వచ్చిందో విని లోతు చెప్పేవాళ్లు కదా, అదే పద్ధతి. స్విచ్ ఒక చిన్న విద్యుత్ తరంగం వదులుతుంది. తెగిన చోట అది గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వస్తుంది. రాగి వైరులో సంకేతం నానోసెకనుకి 20 సెంటీమీటర్ల దాకా పోతుంది. పోయి రావడానికి 300 నానోసెకన్లు పట్టిందంటే, పోవడానికి 150, అంటే తెగింది 30 మీటర్ల దగ్గర. ఫాల్స్ సీలింగ్ మొత్తం విప్పక్కర్లేదు, టేపు పట్టుకుని కొలుచుకుంటూ వెళ్లి ఒక్క పలక ఎత్తితే చాలు.

కాదనడం

సాదా స్విచ్ ఎవరినీ కాదనదు. ఎవరు గుచ్చినా లోపలికి రానిస్తుంది. ఒకాయన తన గదిలో వైఫై సరిగా రావట్లేదని ఇంటి నుంచి పాత రౌటర్ తెచ్చి గోడకున్న పోర్టుకి పెట్టాడనుకోండి. ఆ రౌటర్ ఇంట్లో చేసే పనే ఇక్కడా చేస్తుంది, అడిగిన ప్రతి కంప్యూటర్‌కీ తనే అడ్రస్ ఇవ్వడం మొదలుపెడుతుంది. కంప్యూటర్ ఎవరు ముందు పలికితే వారిని నమ్ముతుంది. కొందరికి నెట్ వస్తుంది, కొందరికి రాదు, మధ్యాహ్నానికి జాబితా మారిపోతుంది. బస్టాండులో ఎవరో బల్ల వేసుకుని దొంగ టికెట్లు అమ్ముతున్నట్టు. మేనేజ్డ్ స్విచ్‌కి అడ్రస్‌లు ఇచ్చే అసలు కౌంటర్ ఫలానా పోర్టు వైపు ఉందని చెప్పి ఉంచితే, మిగతా పోర్టుల్లోంచి వచ్చే ఆ ప్రకటనలను గుట్టుగా తుంచేస్తుంది. గుర్తింపు చూపనిదే పోర్టు తెరవకుండా చేసే పద్ధతి కూడా ఉంది, పెద్ద సంస్థల్లో వాడతారు.

ఇన్ని చెప్పాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఇవన్నీ లోపలికి వెళ్లి పెట్టుకుంటేనే. నేను చూసిన మేనేజ్డ్ స్విచ్‌లలో సగానికి పైగా డబ్బాలోంచి తీసి, వైర్లు గుచ్చి, అలాగే వదిలేసినవి. వాటి పాస్‌వర్డ్ కూడా ఫ్యాక్టరీ ఇచ్చినదే. తాళంచెవి గుమ్మానికి వేలాడదీసిన బీరువా లాంటివి అవి. సాదా స్విచ్‌లోకి దొంగ వెళ్లేందుకు తలుపే లేదు, దీనికి ఉంది.

ఆ మూడంతస్తుల ఆఫీసువాళ్లు తర్వాత మేనేజ్డ్ స్విచ్ పెట్టించారు. సిబ్బంది వైపున్న పోర్టుల్లో ఒక కాపలా కూడా పెట్టాడు ఆ కుర్రాడు. స్విచ్ పంపే స్పానింగ్ ట్రీ కబురు ఏదైనా పోర్టులోంచి తిరిగి తన దగ్గరికే వస్తే, అటువైపు లూప్ ఉన్నట్టే లెక్క, ఆ ఒక్క పోర్టునీ కట్టేసేలా. ఏడెనిమిది నెలల తర్వాత వెళ్తే లాగ్ తెరిచి చూపించాడు. ఒక శనివారం సాయంత్రం 5 గంటల 42 నిమిషాలకి 17వ పోర్టు మూసుకుంది. 17 అంటే ఆ మీటింగ్ గదే. సోమవారం పదింటికి అతను వెళ్లి వైరు పీకి, పోర్టు మళ్లీ తెరిచాడు. ఈలోగా ఎవరూ ఫోన్ చేయలేదు, మీటింగ్ గదిలో ఆ రోజు మీటింగ్ లేదు.